మార్కా పుట్టిన కథ: బొమ్మ చూసి విత్తనం కొంటే సరిపోతుందా?

ఖరీఫ్ వస్తుందంటే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో విత్తనాల దుకాణాల ముందు రద్దీ మొదలవుతుంది. పత్తి వేసేవారు, మిరప నారు పోసేవారు చాలామంది కంపెనీ పేరు చెప్పరు. 'పోయినేడు తీసుకెళ్లిన ఆ ఎర్ర బొమ్మ ప్యాకెట్ ఇవ్వండి' అంటారు. ఆ బొమ్మనే లోగో అంటున్నాం. మన పెద్దలు మార్కా అన్నారు. ఏడాది కష్టమంతా ఆ చిన్న గుర్తు మీది నమ్మకంతోనే మొదలవుతుంది. ఇంతకీ ఆ నమ్మకం ఎలా పుట్టింది?

చేతి నుంచి బొమ్మకు

సరుకు కళ్లముందు ఉంటే గుర్తుతో పనిలేదు. తరతరాలుగా దూది ఏకిన నూర్‌బాషా కుటుంబాల్లో పెద్దలు పత్తిని వేళ్ల మధ్య లాగి చూసి దాని నాణ్యత చెప్పేసేవారు. సరుకు దూరం నుంచి రావడం మొదలయ్యాకే గుర్తు అవసరమైంది.

19వ శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లులు మన దేశానికి పంపే బట్ట తానుల మీద రంగురంగుల కాగితపు బొమ్మలు అంటించేవి. వాటిని 'టికెట్లు' అనేవారు. వాటి మీద ఏనుగులు, పులులు, రాజులు, దేవతలు ఉండేవారు. ఇంగ్లీషు చదవలేని కొనుగోలుదారు కూడా బొమ్మ చెప్పి అదే బట్ట మళ్లీ అడగగలిగాడు. అంటే లోగో అలంకారం కోసం రాలేదు. 'మొన్నటి సరుకే ఇదీ' అనే మాట ఇవ్వడానికి వచ్చింది.

ఆ మాటను కాపాడటానికి చట్టాలు వచ్చాయి. బ్రిటన్‌లో 1876 జనవరి 1న నమోదైన మొదటి ట్రేడ్‌మార్క్ బాస్ బీరు కంపెనీ వారి ఎర్ర త్రికోణం. మన దేశంలో ట్రేడ్‌మార్కుల చట్టం 1940లో వచ్చింది. ఇప్పుడున్నది 1999 నాటి చట్టం. 2003 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. కాలం గడిచేకొద్దీ పెద్ద పెద్ద బొమ్మలు పోయి నాలుగు గీతలు, రెండు రంగులు మిగిలాయి. చిన్న ప్యాకెట్ మీదైనా, ఫోన్ తెర మీదైనా చటుక్కున గుర్తుపట్టాలి కదా.

అందరిదీ అయిన గుర్తు

అన్ని గుర్తులూ ఒక్క కంపెనీవే కావు. 1937 చట్టంతో వచ్చిన అగ్‌మార్క్, వ్యవసాయ సరుకు నాణ్యతకు ప్రభుత్వం వేసే ముద్ర. 'గుంటూరు సన్నం' మిరపకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు ఏ ఒక్క వ్యాపారి సొత్తూ కాదు, దాన్ని పండించే నేల పేరు. వేరే చోట పండిన కాయను ఆ పేరుతో అమ్మడం చట్టం ఒప్పదు.

బొమ్మ కాపీ అవుతుంది

విత్తనంతో చిక్కేమిటంటే, నాణ్యత చేత్తో పట్టుకుంటే తెలియదు. మొలక రాకపోతేనో, పూత దశలోనో బయటపడుతుంది. అప్పటికి అదను దాటిపోతుంది, అప్పు మిగులుతుంది. నకిలీ వ్యాపారికి కావలసిందీ అదే. అతడు విత్తనాన్ని కాపీ చేయలేడు, బొమ్మను చేయగలడు. తప్పుడు ట్రేడ్‌మార్క్ వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. కానీ ఆ శిక్షతో పోయిన పంట తిరిగి రాదు.

అందుకే బొమ్మ దగ్గర ఆగకుండా ట్యాగు చదవాలి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు, ఫౌండేషన్ విత్తనానికి తెల్లది, బ్రీడర్ విత్తనానికి పసుపు రంగుది ఉంటాయి. కంపెనీ తన పూచీ మీద అమ్మే విత్తనానికి ఆకుపచ్చ లేబుల్ ఉంటుంది. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు తేదీ చూడాలి. ఇంట్లో పెద్దలకు అక్షరాలు కనిపించకపోతే చదువుకునే పిల్లలు చదివి చెప్పవచ్చు.

రసీదు మీద లాట్ నంబరు రాయించుకోవాలి. విత్తినాక కూడా ఖాళీ ప్యాకెట్, రసీదు పంట చేతికొచ్చేదాకా దాచాలి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. అక్కడ నిలబడినప్పుడు ప్యాకెట్ మీది బొమ్మ గుర్తుందని చెబితే చాలదు. ఏ లాటు, ఏ రోజు, ఎవరి దగ్గర కొన్నారో కాగితం చూపించాలి.