పాలపీక – పలువరుస

చప్పరించడం శిశువుకు పుట్టుకతో వచ్చిన విద్య. తల్లి గర్భంలోనే బొటనవ్రేలిని నోటిలో ఉంచుకొనే శిశువులున్నారు. ఆకలి తీరినా ఈ కోరిక మిగిలే ఉంటుంది. దానిని తీర్చడానికే పాలురాని ఉత్తిపీకను పసివారి నోటికి అందిస్తారు. ఏడుపు ఆగుతుంది. కాని ఈ అలవాటు ఎన్నాళ్ళుండవచ్చు?

సుమారు ఆరవ నెలలో మొదలై, మూడేండ్లకు 20 పాలదంతాలూ వస్తాయి. అప్పటి దవడ ఎముక లేతది. లోపలినుండి నాలుక, వెలుపలినుండి బుగ్గలు, పెదవులు కలిగించే ఒత్తిళ్ళ సమతౌల్యమే పలువరుసను తీర్చిదిద్దుతుంది. నోటిలో పీక ఉన్నంతసేపు నాలుక అంగిలిని వీడి క్రిందికి దిగుతుంది. లోపలి ఆసరా తగ్గగా, బుగ్గల ఒత్తిడికి పైదవడ ఇరుకవుతుంది. పీక ఉన్నచోట ముందరి దంతాల నడుమ సందు ఏర్పడుతుంది. నోరు మూసినా పైవి, క్రిందివి కలియవు. కొరకడం కష్టమవుతుంది, ‘స’ వంటి ధ్వనులు స్పష్టంగా పలకకపోవచ్చు.

పాలదంతాలు ఊడిపోయేవే కదా అని ఉపేక్షించరాదు. ఆరేండ్ల ప్రాయంనుండి వచ్చే శాశ్వత దంతాలకు చోటు నిలిపేవి అవే. మూడేండ్లలోపు పీకను మాన్పిస్తే ముందరి సందు చాలవరకు తనంతట తానే పూడుతుంది. దవడ ఇరుకు మాత్రం అంత తేలికగా తొలగదు.

పీకకు తేనె పూయడం మరింత హానికరం. దంతాలు పుచ్చడమే కాక, ఏడాది నిండని శిశువుకు తేనెలోని సూక్ష్మజీవుల వలన ప్రాణాపాయం కలుగవచ్చు.

మాన్పించడానికి బెదిరింపు అక్కరలేదు. మొదట నిద్రవేళకు పరిమితం చేసి, ఆపైన జోలపాటనో, కథనో దానికి బదులుగా ఇవ్వాలి. ఏడుపును ఆపడానికి ముందు, దాని కారణాన్ని తెలిసికోవడం పెద్దల విధి.