లక్షణానికీ జబ్బుకీ మధ్య రెండు అంకెలు

అనుభవమున్న డాక్టరు ఆలోచనని కంప్యూటరుకి నేర్పగలమా? 1970లలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాక్ మయర్స్ అనుభవాన్ని ఆధారం చేసుకుని ఇంటర్నిస్ట్-1 అనే ప్రోగ్రాం రాశారు.

మలేరియా వస్తే జ్వరం దాదాపు తప్పదు. కాని జ్వరం చూడగానే మలేరియా అనలేం. అందుకే ప్రతి జతకీ రెండు అంకెలు వేశారు: లక్షణం ఆ జబ్బుని ఎంత గట్టిగా స్ఫురింపజేస్తుంది (0-5), జబ్బులో ఆ లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుంది (1-5).

1982లో ప్రచురించిన పరీక్షలో, 19 చిక్కు కేసుల్లోని 43 జబ్బుల్లో ప్రోగ్రాం 25 పట్టుకుంది; నిపుణులు 35. ఏ లక్షణం ముందు, ఏది తర్వాత అన్న కాలక్రమం దానికి అందలేదు.

డాక్టరు "ఎప్పట్నుంచి?" అనడిగితే తేలిగ్గా తీసుకోకండి. ఆ జవాబులోనే జబ్బు దొరకవచ్చు.