పోలీస్ అని రాసి లేని కారు ఆపితే... ‘సరే పో’ అని వదిలేస్తే

ముందు ఒక తెల్ల కారు పోతుంటుంది. పైన బుగ్గ లేదు, డోరు మీద పోలీస్ అని రాసి లేదు. దాన్ని దాటేసి నూరు మీద పోయిన కుర్రాడిని కాస్త దూరం పోయాక ఆపుతారు. కొందరికి చలాన్ పడుతుంది. కొందరిని నాలుగు మాటలని పంపేస్తారు. ఆ తర్వాత అది దావత్‌లో నవ్వుతూ చెప్పుకునే ముచ్చట అవుతుంది. అందులో రెండు సంగతులు తెలుసుకోవాలి. ఇలా పట్టుకోవడం చట్టానికి లోబడే ఉందా? వదిలేస్తే నిజంగా లాభమేనా?

మొదటిదానికి జవాబు చిన్నదే. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ చూపించమని అడిగే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండాలి. అంటే యూనిఫాం ఉండాల్సింది మనిషికి, బండికి కాదు. కారు మామూలుగా ఉన్నా, దిగి వచ్చిన అధికారి యూనిఫాంలో ఉంటే కాగితాలు చూపించాల్సిందే. మఫ్టీలో వచ్చి లైసెన్స్ ఇవ్వమంటే మర్యాదగానే ఐడీ కార్డు అడగండి, యూనిఫాంలో ఉన్న అధికారిని పిలవమనండి. డిజీలాకర్‌లోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో ఉన్న లైసెన్స్, ఆర్సీ చూపిస్తే చాలు.

వేగం కొలిచే లేజర్ గన్ పని సూటిగా ఉంటుంది. బండి మీదికి వరుసగా కాంతి పంపి, అది తిరిగి రావడానికి పట్టిన టైమును బట్టి బండి ఎంత త్వరగా దగ్గరవుతోందో లెక్క కడుతుంది. ఫొటో, నంబర్ ప్లేట్, వేగం, టైము అన్నీ నమోదవుతాయి. ఇలాంటి పరికరాల కోసం 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ అనే నిబంధన తెచ్చింది. దాని ప్రకారం పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. నిఘా ఉన్న రోడ్డుకు ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. బోర్డు కనబడలేదని రోడ్డు మీద గొడవపడితే ఏమీ తేలదు. అభ్యంతరం ఉంటే చలాన్ నంబర్ వేసి రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా కోర్టులో చెప్పుకోవాలి.

నోటీసు వచ్చేది బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. షాదీకని మామూ కారు అడిగి తీసుకుపోయిన పిల్లవాడి వేగం మామూ ఫోన్లో మోగుతుంది. ఆ రోజు ఎవరు నడిపారని పోలీసులు అడిగితే ఓనరు చెప్పాల్సిందేనని 133వ సెక్షన్ అంటోంది.

ఇక జరిమానా. 2019లో సవరించిన కేంద్ర చట్టం 183వ సెక్షన్‌లో కారు లాంటి చిన్న బండ్లకు 1,000 నుంచి 2,000 రూపాయలు, పెద్ద బండ్లకు 2,000 నుంచి 4,000 అని ఉంది. మన దగ్గర ఈ-చలాన్‌లో చాలామంది చూసిన అంకె 1,035. అందులో 35 యూజర్ చార్జీ. అసలు భయపడాల్సింది ఆ వెయ్యికి కాదు. అదే తప్పు రెండోసారి చేస్తే లైసెన్స్‌నే స్వాధీనం చేసుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. ఆటో, లారీ, స్కూల్ వ్యాను నడిపి ఇల్లు నెట్టుకొచ్చేవాళ్లకు లైసెన్స్ పోవడమంటే రోజీ పోవడమే.

వదిలేయడంలోనూ రకాలున్నాయి. నోటితో హెచ్చరించి పంపడం ఒకటి. రసీదు లేకుండా చేతిలో నోటు పెట్టి బయటపడడం ఇంకొకటి. అది రిష్వత్. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లూ నేరస్తులే. బలవంతంగా అడిగితే ఏసీబీ నంబర్ 1064 ఉంది. మూడోది సర్కారే చేసింది. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ బైకులకు 80, కార్లకు 60 శాతం తగ్గించారు, గడువు రెండుసార్లు పొడిగించారు. వెయ్యి రూపాయల చలాన్ బైకుకు 200, కారుకు 400 అయింది. టైముకు కట్టినవాడు వెయ్యీ కట్టాడు, కట్టనివాడు లాభపడ్డాడు. ఇది బాగాలేదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇది కొత్త కాదు. సౌదీ కూడా 2024 ఏప్రిల్‌లో పాత జరిమానాల మీద 50 శాతం తగ్గింపు ప్రకటించింది. కానీ అక్కడ సాహెర్ కెమెరాలు 2010 నుంచే ఉన్నాయి. అబుధాబి అయితే పరిమితి దాటి ఇంకో 20 దాకా చూసీ చూడనట్టు పోయే పద్ధతిని 2018 ఆగస్టులో తీసేసింది. అక్కడ ముల్లు చూసుకుంటూ నడిపిన మనిషే సెలవు మీద వచ్చి రుద్రూర్ రోడ్డెక్కగానే ఎందుకు మారిపోతాడో!

ఒక లెక్క చూడండి. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, అడ్డం చూసి బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను అనుకుందాం. 60లో ఉన్న కారు ఆగడానికి దాదాపు 37 మీటర్లు కావాలి. 80లో ఉంటే 57 మీటర్లు దాటుతుంది. ఇద్దరూ ఒకేచోట అడ్డం చూశారనుకోండి. మొదటి కారు ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా 60కి పైనే పోతుంటుంది. అంటే తేడా 20 కాదు. ఒకరికి ఏమీ కాలేదు, ఇంకొకరు 60లో పోయి గుద్దారు. కేంద్రం లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనే ఉన్నాయి.

మన దారుల్లో ఆ అడ్డం ఏమిటో అందరికీ తెలుసు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు బండ్లు తగ్గాయి గానీ వడ్ల ట్రాక్టర్లు తగ్గలేదు. వెనక ఎర్ర లైటు గానీ రేడియం స్టిక్కర్ గానీ లేని ట్రాలీ మగ్రిబ్ వేళ దగ్గరికొచ్చేదాకా కనబడదు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు. రంజాన్‌లో సరిగ్గా ఆ వేళకే నిజామాబాద్‌లో దుకాణం మూసి ఇఫ్తార్‌కు ఇంటికి చేరాలని బండి ఉరికిస్తారు. డిక్కీలో నాలుగు ఖర్జూరాలు, నీళ్ల బాటిల్ ఉంటే రోడ్డు పక్కన ఆగి రోజా విడవొచ్చు.

పిల్లల సంగతి వేరు. 18 ఏళ్లు నిండనివాళ్లు నడిపి పట్టుబడితే 199ఏ సెక్షన్ కింద తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా పడొచ్చు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పాపం చిన్నోడని అధికారి ఒకసారి వదిలేస్తే తాళంచెవి ఇంట్లో దాచాల్సింది అమ్మీ అబ్బాలే.

మీ బండి మీద చలాన్ ఉందా లేదా అన్నది తెలంగాణ పోలీస్ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి చూసుకోండి. వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తే తెరవొద్దు, అది బ్యాంకు ఖాతా ఊడ్చే మోసం. తెరిచి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.