వార్తల్లో పదం: రాన్సమ్‌వేర్

కంప్యూటర్‌లోకి చొరబడి, ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే దొంగ సాఫ్ట్‌వేర్ ఇది. ఆసుపత్రుల మీద దాడులు విన్నాం. 2024 మే 15న ఇది అమెరికా హామ్ (ఔత్సాహిక) రేడియో సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ మీద పడింది. 1914లో పుట్టిన ఈ సంఘం కార్యాలయం కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూయింగ్టన్‌లో ఉంది.

విండోస్, లినక్స్ యంత్రాలు రెండూ చిక్కుకున్నాయి. లినక్స్ ఉంటే భయం లేదనుకునేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. సంఘం 10 లక్షల డాలర్లు చెల్లించింది, అందులో చాలా భాగం బీమా భరించింది. రెండు స్టేషన్లు నిజంగా మాట్లాడుకున్నాయని ధ్రువీకరించే సంఘం ఆన్‌లైన్ సేవ ‘లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్’ జూలై 1న గానీ తిరిగి తెరుచుకోలేదు. అందులోని రికార్డులు మాత్రం చెక్కుచెదరలేదు, అదే పెద్ద ఊరట.

హామ్‌ల ఇంటి రేడియో స్టేషన్‌కూ ముప్పు ఉంది. రేడియోకు తగిలించిన కంప్యూటర్ తరచూ పాతదే. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశాల పద్ధతిలో 15 సెకన్ల వంతులు తప్పకుండా గడియారం కచ్చితంగా ఉండాలి కాబట్టి, సమయం సరిచూసుకోవడానికి చాలామంది ఆ పాత యంత్రాన్నే నెట్‌కు కలిపి ఉంచుతారు. జీపీఎస్ రిసీవర్ పెట్టుకుంటే సమయం ఆకాశం నుంచే అందుతుంది, నెట్ తీగ పీకేయవచ్చు.