వారపు సంతకు వారపు విత్తనం: తిరుపతి, చిత్తూరు ప్రాంతపు సేంద్రియ అంగళ్లు

దక్షిణ రాయలసీమ పల్లెలకు వారపు సంత కొత్త కాదు. వారానికొక రోజు గంపనెత్తుకొని సంతకు పోవడం, అమ్మిన డబ్బుతో ఇంటికి కావలసిన ఉప్పు, పప్పు తెచ్చుకోవడం తరతరాల అలవాటు. గత కొన్నేళ్లుగా తిరుపతి, చిత్తూరు పట్టణాలలో వెలుస్తున్న సేంద్రియ, ప్రకృతి వ్యవసాయ అంగళ్లు ఆ సంతకు దగ్గరి చుట్టాలే. తేడా అల్లా వాటికున్న మూడు షరతులు. పంట రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండాలి. పండించినవారే, లేదా వారి సంఘమే అమ్మాలి. ఆ ఋతువులో ఈ నేలలో పండినదే బల్ల మీదికి రావాలి.

ఇటువంటి అంగళ్ల గురించి మన విస్తరణ సమావేశాలలో చర్చ మొదలైతే అది చాలావరకు ధర దగ్గర, ప్రచారం దగ్గర తిరుగుతుంది. బోర్డు ఎక్కడ పెట్టాలి, సంచి మీద ఏమి అచ్చువేయాలి అనే మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. అవి అవసరమే. కాని అంగడి నిలిచేదీ కూలేదీ అమ్మే రోజున కాదు, అంతకు నలభై, అరవై రోజుల ముందు విత్తిన రోజున. కనుక ఇది మార్కెటింగు శాఖకు వదిలివేయదగిన విషయం కాదు, సస్యశాస్త్రజ్ఞులు చేపట్టవలసిన విషయం.

జనవరిలో ఈ అంగడికి వెళితే బల్ల నిండుగా ఉంటుంది. అనపకాయలు, వంకాయలు, టమాటాలు, పందిరి చిక్కుడు, ముల్లంగి, పచ్చి కందికాయలు, చిలగడదుంపలు, అన్ని రకాల ఆకుకూరలు, కొత్త బెల్లం ఉంటాయి. అదే బల్ల మే నెల రెండవ వారంలో మామిడి పండ్లతో, నాలుగు మునగకాయల కట్టలతో, నిల్వ ఉన్న రాగులు, ఉలవలు, చింతపండుతో సరిపెట్టుకుంటుంది. పట్టణంలోని ఇల్లాలు మాత్రం మే నెలలోనూ వారానికి ఏడు రోజులు కూర వండాలి. రెండు వారాలు వరుసగా వచ్చి వట్టి సంచితో తిరిగి వెళ్లినవారు మూడవ వారం రారు. వారిని తిరిగి రప్పించడం కొత్తవారిని తెచ్చుకోవడం కంటే కష్టం.

అప్పుడు అమ్మేవారి ముందు రెండే దారులుంటాయి. అంగడి మూసివేయడం ఒకటి. హోల్‌సేల్ మండీ నుండి నాలుగు బుట్టలు తెచ్చి బల్ల నింపడం రెండవది. టమాటాను కంటితో చూసి, ముక్కుతో వాసన చూసి ఏ నేలలో, ఏ మందుతో పండిందో చెప్పగలవారు ఎవరూ లేరు. ఒకసారి బయటి సరుకు బల్ల ఎక్కిందంటే, మిగతా రైతులు మూడేళ్లు కష్టపడి మార్చుకున్న నేల విలువ ఆ బుట్టతోనే పోతుంది. సరుకు కల్తీ చేసేవారిలో దుర్బుద్ధి కలవారు కొందరుండవచ్చు. నేను గమనించినంతలో మాత్రం ఎక్కువమంది ఖాళీ బల్లకు భయపడి ఆ పని చేసినవారే.

ప్రభుత్వ రైతు బజార్లకు ఈ ఇబ్బంది ఇంతగా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి 1999 జనవరి 26న మొదలయ్యాయి. అంతకుముందు 1987లో చండీగఢ్‌లో ‘అప్నీ మండీ’ ఏర్పడింది, 1999 నవంబరులో తమిళనాడులో ‘ఉళవర్ సందై’ మదురై నుండి ఆరంభమైంది. ఈ మూడింటిలోనూ దళారి లేని అమ్మకమే ఉద్దేశం. రైతు బజారు రోజూ నడుస్తుంది, అనేక గ్రామాల రైతులు వస్తారు. ఒకరి తోటలో బెండ అయిపోతే మరొకరి తోటలో అది కోతకు వస్తుంది. పది పదిహేను కుటుంబాలతో నడిచే సేంద్రియ వారపు అంగడికి ఆ వెసులుబాటు లేదు. అందరూ తొలకరికే విత్తితే అందరి బెండ ఒకే వారంలో వస్తుంది, ఒకే వారంలో ముదురుతుంది.

మన సిఫారసులు కూడా అందుకు తగినట్లే ఉన్నాయి. విశ్వవిద్యాలయం ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగంలో పంటకు విత్తే కాలం ‘జూన్ నుండి జూలై వరకు’ అని ఉంటుంది. ఎకరం వేరుశనగ వేసే రైతుకు అది చాలు. పది సెంట్లలో పది రకాలు పండించి వారం వారం సంతకు వెళ్లే రైతుకు అది చాలదు. అతనికి కావలసింది ఏ వారం బల్లకు ఏ వారంలో విత్తాలి అనే వెనుకలెక్క.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. తోటకూర విత్తిన 25 నుండి 30 రోజులకు పీకుడుకు వస్తుంది. మడిని శుభ్రం చేసి, ఘనజీవామృతం కలిపి తిరిగి సిద్ధం చేయడానికి మరొక వారం పడుతుంది. అంటే ఒక మడి చక్రం ఐదు వారాలు. ఐదు చిన్న మళ్లు ఉండి, వారానికొక మడి విత్తుకుంటూ పోతే ఏ వారమూ తోటకూర లేకుండా పోదు. కొత్తిమీరకు నలభై రోజులు కనుక ఏడు మళ్లు కావాలి. బెండ 45 నుండి 50 రోజులకు కోత మొదలై ఆరేడు వారాలు కాస్తుంది, కాబట్టి నెలకొకసారి విత్తితే సరిపోతుంది. బీర, సొర, కాకర రెండు నెలలకు అందివస్తాయి. వంగ, టమాటాలకు నారుమడి కాలం అదనం. చలికాలంలో ఈ రోజులు కొద్దిగా పెరుగుతాయి, ఎండాకాలంలో కొత్తిమీర త్వరగా పూతకు పోతుంది, మెంతి సరిగా మొలవదు. ఆ సవరణలు స్థానికంగా చేసుకోవలసినవే. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో ప్రోత్సహిస్తున్న ‘ఎనీ టైమ్ మనీ’ నమూనాలో కొద్ది సెంట్లలో పలు కూరగాయలను వేర్వేరు తేదీలలో విత్తించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. పేరు కొంత ఆర్భాటంగా ఉన్నా ఆలోచన సరైనది.

అయితే అన్ని పంటలూ మన క్యాలెండరును అంగీకరించవు. చిత్తూరు జిల్లాకు ఇంటిపేరు వంటి అనపనే తీసుకుందాం. వేరుశనగలో, రాగిలో సాళ్లు వేసి విత్తే స్థానిక అనప హ్రస్వదినపు పంట. జూన్‌లో విత్తినా, ఆగస్టులో విత్తినా పగటి పొద్దు తగ్గిన తరువాతనే పూతకు వస్తుంది. అందుకే డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకే అనపకాయ, ఆ రెండు మూడు నెలలే ఇంటింటా పితికిపప్పు కూర. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటిగా పితికి తోలు తీసే ఆ శ్రమకు ఓర్చుకొనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయంటే ఆ రుచి అటువంటిది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పగటి నిడివితో పనిలేని హెచ్.ఎ.-3, హెచ్.ఎ.-4 రకాలను అందించింది. వాటితో ఏడాది పొడవునా కాయ తీయవచ్చు. కాని తెలిసిన కొనుగోలుదారు కాయను నలిపి వాసన చూస్తాడు. కాయ తొక్క మీది జిడ్డులోని ఆ సువాసన కోసమే స్థానిక రకానికి గిరాకీ. సేంద్రియ అంగడి రుతువును అమ్ముకొనే అంగడి కనుక అనపను ఏడాదంతా తెచ్చే ప్రయత్నం వద్దని, ఆ మూడు నెలల పంటనే చక్కగా గ్రేడు చేసి తేవాలని నా సలహా. కొత్త రకాలను వేసవి ఖాళీని పూరించడానికి కొద్దిపాటి విస్తీర్ణంలో పరీక్షించి చూడవచ్చు.

మన ప్రాంతానికి మరొక వరం ఉంది. పడమట పలమనేరు, పుంగనూరు, కుప్పం పీఠభూమి మీద ఉన్నాయి. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు పల్లపు ప్రాంతాలు. పడమటి మండలాలకు నైరుతి వానలు ఆధారం, తూర్పు మండలాలకు అక్టోబరు, నవంబరు నెలల ఈశాన్య వానలు ముఖ్యం. తిరుపతిలో ఎండలకు పూత రాలే రోజులలో పలమనేరు వైపు బోరు కింద టమాటా, బీన్సు కాస్తూనే ఉంటాయి. నవంబరులో తుపాను వానలకు పల్లపు మళ్లు మునిగినప్పుడు పడమటి నుండి ఆకుకూర రాగలదు. 2021 నవంబరులో తిరుపతి పట్టణమే వరదలో మునిగిన సంగతి మనకు గుర్తుంది. అటువంటి వారాలలో ఒకే గ్రామ సంఘం మీద ఆధారపడిన అంగడి మూతపడక తప్పదు. కనుక అంగడి సభ్యులను ఎంపిక చేసేటప్పుడే రెండు మండలాల రైతులను, ఒకరు మెట్ట నుండి, ఒకరు పల్లం నుండి కలపడం మంచిది. రవాణా ఖర్చు పెరుగుతుంది, నిజమే. పలమనేరు నుండి తిరుపతికి నూరు కిలోమీటర్లకు పైమాటే. వారానికొక వాహనం ఐదారుగురు పంచుకుంటే తప్ప గిట్టదు.

మామిడి విషయంలో వారపు అంగడి చిన్న మేలు చేయగలదు, పెద్ద మేలు చేయలేదు. జిల్లా తోటలలో అధికభాగం తోతాపురి, అది గుజ్జు కర్మాగారాల పంట. 2025లో ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, అందులో 4 రూపాయలు తాను భరించవలసి వచ్చింది. అంతటి సరుకును ఏ వారపు సంతా మోయలేదు. కాని తోటలో గట్టు వెంబడి ఉన్న ఇమామ్ పసంద్, మల్లిక, నీలం, బంగినపల్లి చెట్ల కాయ ఈ అంగడికి సరిగ్గా సరిపోతుంది. కాల్షియం కార్బైడుతో మాగబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం. గడ్డిలో మాగవేస్తే దాదాపు వారం పడుతుంది. ఒక సంత ముగిసిన మరునాడు కోసి మాగవేస్తే తరువాతి సంతకు పండు సిద్ధం. వారానికొక విడతగా కోస్తే చెట్టు మీది కాయలన్నీ ఒకేసారి అమ్ముకోవలసిన తొందర ఉండదు.

ఏప్రిల్, మే నెలలలో మిగిలిన లోటును పూడ్చడానికి నేను రెండు పనులు సూచిస్తాను. మొదటిది, నీరు తక్కువ తీసుకొనే పంటలకు చోటివ్వడం. గోరుచిక్కుడు, అలసంద, గోంగూర, మునగ ఆ ఎండలకు తట్టుకుంటాయి. గట్ల మీద దానంతటది మొలిచే పొన్నగంటి, గలిజేరు, చెంచలి కూరలు, వసంతంలో చింతచిగురు కూడా అమ్మకపు సరుకే. వాటిని కలుపు జాబితాలో రాసి మరచిపోయినవాళ్లం మనం, పల్లె ఆడవారు మరవలేదు. రెండవది, కోసిన సరుకును కాపాడుకోవడం. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన, విద్యుత్తు అక్కరలేని శీతల గది మన పాఠ్యపుస్తకాలలో చాలాకాలంగా ఉంది. రెండు వరుసల ఇటుక గోడల మధ్య ఇసుక నింపి, ఉదయం సాయంత్రం తడిపితే చాలు. పొడి ఎండలలో లోపలి వేడి బయటికంటే పది డిగ్రీలకు పైగా తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే నవంబరులో దాని ఉపయోగం స్వల్పం. కావలసిన కాలంలోనే బాగా పనిచేసే సాధనం ఇది, అయినా గ్రామాలలో అరుదుగా కనిపిస్తుంది.

ఇక నమ్మకం మాట. అవశేషాల పరీక్షకు ఖర్చు ఎక్కువ. ఫలితం చేతికి వచ్చేసరికి ఆ ఆకుకూర తిని జీర్ణమై ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ముందు చెప్పకుండా నమూనాలు తీయించడం హెచ్చరికగా పనికివస్తుంది, అంతే. చిన్న రైతులకు తగినది భాగస్వామ్య హామీ విధానం, పి.జి.ఎస్. అందులో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేస్తారు. మార్పు దశలో ఉన్నవారికి ‘పి.జి.ఎస్. గ్రీన్’, అది పూర్తయినవారికి ‘పి.జి.ఎస్. ఆర్గానిక్’ గుర్తింపు లభిస్తుంది. రాయలసీమలోనే చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ చేయూతతో 2008లో ఏర్పడిన ధరణి సహకార సంఘం ఈ విధానంతో చిరుధాన్యాలు, వేరుశనగ విక్రయిస్తున్నది. 2017 నాటి ఆహార భద్రతా సేంద్రియ నిబంధనలలో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం గల చిన్న ఉత్పత్తిదారుకు నేరుగా వినియోగదారునికి అమ్మేటప్పుడు ధ్రువీకరణ నుండి మినహాయింపు ఉంది. ఆ వెసులుబాటు ఉన్నదని గుంపు తనిఖీని వదిలివేయడం తెలివైన పని కాదు.

ఆ గుంపు తనిఖీకే ఇంకొక ప్రయోజనం ఉంది, దానిని మనం సరిగా వాడుకోవడం లేదు. పొరుగు రైతు పొలానికి వెళ్లినవారు మందు డబ్బాల కోసం వెదకడంతో ఆగకుండా, ఏ మడిలో ఏ తేదీన ఏమి విత్తారో రాసుకుంటే అదే సరఫరా అంచనా అవుతుంది. ఈ వారం పొలంలో పది కిలోల బీర ఉంటుందని లెక్క చెబుతుండగా బల్ల మీద ముప్ఫై కిలోలు ఉంటే సంగతి ప్రయోగశాల లేకుండానే బయటపడుతుంది. తనిఖీ పుస్తకమూ విత్తే పుస్తకమూ ఒకటే అయినప్పుడు బయటి సరుకు దూరడానికి సందు మిగలదు.

తిరుపతికి పెద్ద కొనుగోలుదారు ఒకరున్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో గో ఆధారిత ప్రకృతి వ్యవసాయ ఉత్పత్తులను స్వామివారి నైవేద్యానికి వినియోగించడం మొదలుపెట్టింది. బియ్యం, శనగపప్పు, బెల్లం వంటి నిల్వ సరుకులు పండించే రైతులకు అది గొప్ప ఆసరా. కాని ఆకుకూర కట్టలకు, అనపకాయలకు కొనుగోలుదారు పట్టణంలోని వంటిల్లే. మహిళా రైతుల చేతికి ప్రతి వారం రొక్కం వచ్చేది కూడా అక్కడి నుండే. విత్తనం మొదలు పెట్టుబడి దాకా అప్పు తీసుకొనే ఇళ్లలో ఆ చిన్న రొక్కం విలువ వడ్డీ కట్టేవారికే తెలుస్తుంది.

1961లో నెలకొన్న మన శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ అనుభవం కోసం పల్లెలలో ఉంటారు. వారిలో కొందరికి ఒక పని అప్పగించవచ్చు. అంగడి జరిగే ప్రతి వారం ఏ కూర ఎంత వచ్చింది, ఎన్ని గంటలకు అయిపోయింది, ఎంత మిగిలింది, వినియోగదారులు అడిగి లేదనిపించుకున్నవి ఏవి అని నాలుగు గడులలో రాయాలి. ఆ పక్కనే ఆ పంట విత్తిన తేదీ రాయాలి. ఒక్క విద్యార్థి ఉండేది కొన్ని నెలలే కనుక పుస్తకం తరువాతి జట్టు చేతికి మారాలి. 52 వారాలు నిండిన పుస్తకం ఒకటి పలమనేరు వైపు, ఒకటి శ్రీకాళహస్తి వైపు తయారైతే, వ్యవసాయ పంచాంగంలో కూరగాయల పేజీలను వారాల వారీగా తిరగరాయడానికి కావలసిన ముడిసరుకు చేతికి వస్తుంది. మొదటి పుస్తకం ఫిబ్రవరి చివరి వారంలో తెరిస్తే మంచిది. వేసవి లోటు తీర్చవలసిన విత్తనాలు అప్పుడే నేలలో పడాలి.