తలదాచుకునే చోటు

మన పాతపట్నంలో రైల్వే స్టేషను ఉంది. నీలమణి దుర్గమ్మ గుడి ఉంది. చీకటి పడ్డాక స్టేషన్లలో, గుడి అరుగుల మీద గోనె పరుచుకుని పడుకునే వాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు.

వాళ్లెవరు? అందరూ అడుక్కునే వాళ్లు కాదు. పని కోసం ఊరు విడిచిన కూలీలు ఉంటారు. బిడ్డలు చూడని ముసలమ్మలు ఉంటారు. మొగుడు కొట్టి గెంటేసిన ఆడవాళ్లు ఉంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాలో ఎంతోమంది ఇళ్లు పాడయ్యాయి. గూడు పోవడం ఎవరికైనా జరగవచ్చు.

2011 ఫిబ్రవరి 28 రాత్రి జనాభా లెక్కల వాళ్లు ఇల్లు లేని వాళ్లను లెక్కపెట్టారు. వంతెనల కింద, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో వెతికారు. దేశం మొత్తం మీద 17 లక్షలకు పైగా తేలారు. అందులో 8 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు.

ఆరుబయట పడుకుంటే ఎండా వానా ఒక్కటే బాధ కాదు. దాచుకున్న కూలి డబ్బు పోతుంది. పోలీసులు లేపి పొమ్మంటారు. ఆడమనిషికైతే కంటి మీద కునుకే రాదు. మరుగుకు పోవాలన్నా భయమే.

మరి వీళ్లకు దారి లేదా? ఉంది. 2010లో సుప్రీంకోర్టు దీని మీద ఆదేశాలు ఇచ్చింది. నగరాల్లో ప్రతి లక్ష మంది జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని చెప్పింది. అది ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ తెరిచి ఉండాలి. 2013లో కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం పథకం పెట్టింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. మంచినీళ్లు, మరుగుదొడ్డి, దీపం, పక్కబట్టలు ఉండాలి. ఆడవాళ్లకు వేరే ఏర్పాటు ఉండాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 2011లో విశాఖపట్నం జనాభా 17 లక్షలు దాటింది. లక్షకు ఒకటి చొప్పున ఎన్ని ఆశ్రయాలు ఉండాలి? కనీసం 17. ఇలా లెక్క కట్టి అడగడం మనకు తెలియాలి.

మన వైపు నుంచి చాలామంది విశాఖ, విజయవాడ, హైదరాబాదు, చెన్నై పనికి పోతారు. పోయేవాళ్లకు ఈ మాట చెప్పి పంపండి: "అక్కడ చోటు దొరక్కపోతే మునిసిపల్ ఆఫీసుకు వెళ్లు. నిరాశ్రయుల వసతి ఎక్కడుందో అడుగు."

ఈ నంబర్లు కూడా రాసి ఇవ్వండి. కష్టంలో ఉన్న ఆడవాళ్లకు 181. దిక్కులేని పిల్లలకు 1098. ముసలివాళ్లకు 14567.

ఇల్లు లేకపోవడం నేరం కాదు. అరుగు మీద పడుకున్న అవ్వను ఈసారి చూస్తే "ఎక్కడి నుంచి వచ్చావమ్మా?" అని అడగండి. మనకు అక్షరం వచ్చింది. ఆమె కోసం ఒక అర్జీ రాయలేమా?