లిస్టర్-జాగ్వార్: ఒక చిన్న కర్మాగారపు పందెపు కారు

పందెపు కారును నిర్మించుటకు గొప్ప కర్మాగారము, అపార ధనము, వందలకొలది ఇంజనీర్లు ఉండవలెనని సాధారణముగా తలంతుము. ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పట్టణములో ఇనుపపని చేయు ఒక కుటుంబ సంస్థ ఈ భావమును కొంతకాలము తారుమారు చేసినది. ఆ కుటుంబపు యువకుడు బ్రయన్ లిస్టర్ 1954లో తన పేరిట పందెపు కార్లను కట్టనారంభించెను.

లిస్టర్ తొలుత తానే పందెములలో కారు నడిపెడివాడు. ఆర్చీ స్కాట్ బ్రౌన్ అను స్కాట్లండు యువకుని నేర్పు చూచిన పిమ్మట, తనకంటె అతడే సమర్థుడని గ్రహించి, చోదకుని ఆసనమును అతనికి విడిచిపెట్టెను.

ఆర్చీ 1927లో జన్మించెను. తల్లికి గర్భవతిగా ఉన్నప్పుడు రుబెల్లా వ్యాధి సోకినందున, అతనికి పుట్టుకతోనే కాళ్లు వంకరలై, కుడిచేతికి హస్తము లేకపోయెను. అనేక శస్త్రచికిత్సల పిమ్మట గాని అతడు నడువజాలలేదు. ఇంగ్లీషు కార్లలో చోదకుడు కుడివైపున కూర్చుండును. గేరు మార్చు పని ఎడమచేతిది. ఎడమచేత గేరు మార్చునపుడు ఆర్చీ స్టీరింగు చక్రమును కుడి మొండిచేతితో అదిమిపట్టెడివాడు.

1954లో ఔల్టన్ పార్కున జరుగు బ్రిటిష్ ఎంపైర్ ట్రోఫీ పందెము సందర్భమున అతని అంగవైకల్యమును గూర్చి అభ్యంతరము లేచి, లైసెన్సు రద్దయ్యెను. మిత్రులు పట్టుపట్టి దానిని మరల ఇప్పించిరి. 1955లో అదే ట్రోఫీని అతడు లిస్టర్ కారులో గెలిచెను.

ఇక కారు సంగతి. చిన్న నిర్మాతకు ఇంజనును స్వయముగా తయారుచేయు స్తోమత ఉండదు. అందుచేత లిస్టర్ 1957లో జాగ్వార్ కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజనును తీసికొని, ఉక్కు గొట్టములతో అతికిన తేలిక చట్రములో అమర్చెను. వెనుక ఇరుసు డి డియోన్ పద్ధతిది. సాధారణపు ఇరుసులో పండ్లచక్రముల పెట్టె చక్రములతోపాటు ఎగిరిపడును. ఈ పద్ధతిలో ఆ బరువు చట్రమునకే బిగింపబడియుండును. అందువలన ఎగుడుదిగుడు బాటపైన కూడ చక్రములు నేలను విడువక పట్టుకొనును. బలము ఇంజనుది, ఒడుపు చట్రముది. ఆ సంవత్సరము ఆర్చీ పాల్గొన్న 14 పందెములలో 11 గెలిచెను.

1958 నాటి కారుకు మరియొక విశేషము కలదు. గాలి తాకిడిని తగ్గించుటకై పైకప్పు రేకును సాధ్యమైనంత క్రిందికి దించి, ఇంజను, చక్రములు ఉన్న తావుల మాత్రము ఉబ్బెత్తుగా విడిచిరి. అందుచేతనే దానికి ‘నాబ్లీ’, అనగా బుడిపెల కారు, అను ముద్దుపేరు కలిగెను.

1958 మే 18న బెల్జియమునందలి స్పా పందెమున, మరియొక లిస్టర్‌ను నడుపుచున్న మాస్టెన్ గ్రెగరీతో పోటీపడుచు, తడిసిన మలుపున ఆర్చీ అదుపు తప్పెను. కారుకు నిప్పంటుకొనెను. మరునాడు అతడు కన్నుమూసెను. లిస్టర్ ఆ దుఃఖముతోనే కొంతకాలము కొనసాగి, 1959లో పందెముల నుండి విరమించెను.

మిగిలియున్న ఆ కార్లు నేటికిని పాతకార్ల పందెములలో పరుగెత్తుచున్నవి. అవి కొద్దిగా నిర్మింపబడినవి గనుక వాటి వెల హెచ్చు. కాని తన ఆసనమును తనకంటె నేర్పరికి విడిచిన నిర్మాతను, లోకము వలదన్నను చక్రము విడువని చోదకుని అవి జ్ఞప్తికి తెచ్చును. వాటి నిజమైన విలువ అందున్నది.